భాగం - 7: ఒక గులాబి చరిత్ర – ‘బ్రైడల్ పింక్’, గ్రీన్‌హౌస్, పూల వ్యాపారం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఫ్లోరిబండా గులాబీల పుట్టుకను, వాటి వికాసంలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
• మొక్కలపై హక్కు అనే భావన చట్టంగా ఎట్లా మారిందో చెప్పగలుగుతారు.
• గ్రీన్‌హౌస్ పూల సాగు ఒక దేశం నుంచి మరొక దేశానికి తరలిపోవడానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ఒక సాధారణ వస్తువును ఆధారంగా చేసుకొని చరిత్రను చదివే పద్ధతిని అర్థం చేసుకుంటారు.

7.1 పరిచయం

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. కాని పత్తి, పంచదార, తేయాకు వంటి వస్తువుల చరిత్ర కూడా మనుషుల చరిత్రే అని గత భాగాలలో చదివారు. ఈ భాగంలో మనం ఎన్నుకొన్న వస్తువు ఇంకా చిన్నది. అది ఒక గులాబి రకం. దాని పేరు ‘బ్రైడల్ పింక్’. పెళ్లికూతురి గులాబి రంగు అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు.

గులాబీల జాబితాలలో ఈ రకం గురించి ఉండే సమాచారం రెండు మూడు పంక్తులకు మించదు. ఫ్లోరిబండా తరగతి, లేత గులాబి రంగు, సువాసన గలది, గ్రీన్‌హౌస్ సాగుకు అనువైనది, సృష్టికర్త యూజీన్ బోర్నర్, విడుదల చేసిన సంస్థ అమెరికాలోని జాక్సన్ అండ్ పెర్కిన్స్, సంవత్సరం 1967. ఇంతే.

ఈ పంక్తులను చరిత్ర విద్యార్థిగా చదవండి. యూజీన్ బోర్నర్ 1966లో మరణించాడు. మరి ఆయన గులాబి 1967లో ఎట్లా వచ్చింది? ‘ఫ్లోరిబండా’ అనే తరగతి ఎప్పుడు, ఎందుకు ఏర్పడింది? ఒక పువ్వుకు ‘సృష్టికర్త’ ఉండడమేమిటి? ‘గ్రీన్‌హౌస్ సాగుకు అనువైనది’ అని ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం ఎందుకు వచ్చింది? ‘సువాసన గలది’ అని చెబుతున్నారంటే సువాసన లేని గులాబీలు కూడా ఉన్నాయన్న మాట. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడమే ఈ భాగంలో మనం చేసే పని.

7.2 గుత్తులుగా పూసే గులాబి

18వ శతాబ్ది చివరి వరకు యూరపులోని గులాబీలలో అధిక భాగం ఏడాదికి ఒక్కసారే, వేసవి ఆరంభంలో పూసేవి. ఆ శతాబ్ది చివరి దశకాలలో చైనా గులాబీలు ఓడల మీద యూరపు చేరాయి. మళ్లీ మళ్లీ పూసే గుణం వాటిలో ఉంది. ఈ రెండు జాతుల కలయికతో 19వ శతాబ్దిలో యూరపు గులాబీల స్వరూపమే మారిపోయింది. 1867లో ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జాన్ బాప్టిస్ట్ గియో విడుదల చేసిన ‘లా ఫ్రాన్స్’ను మొదటి హైబ్రిడ్ టీ గులాబిగా పరిగణిస్తారు. పొడుగాటి కాడ, దానిపై ఒకే పెద్ద పువ్వు హైబ్రిడ్ టీ లక్షణాలు.

ఇదే కాలంలో జపాను నుంచి రోజా మల్టీఫ్లోరా అనే అడవి గులాబి కూడా యూరపుకు వచ్చింది. దాని పూలు చిన్నవి. కాని ఒక్కొక్క గుత్తిలో లెక్కకు మించి పూస్తాయి. ఈ గుణాన్ని వాడుకొని గియో తయారు చేసిన ‘పాకరెట్’ 1875లో వెలువడింది. పొట్టి మొక్క, గుత్తులుగా చిన్న పూలు, ఏడాదిలో పలుమార్లు పూత. ఈ తరగతికి పాలియాంథా అని పేరు వచ్చింది.

పాలియాంథాలకు చలిని తట్టుకొనే శక్తి ఎక్కువ. కాని పూలు మరీ చిన్నవి. హైబ్రిడ్ టీలకు పూల అందం ఎక్కువ, కాని ఉత్తర యూరపు చలికి అవి నిలవలేకపోయేవి. డెన్మార్కుకు చెందిన పౌల్సన్ కుటుంబం ఈ సమస్యను చేపట్టింది. డీనెస్ పౌల్సన్ ఈ రెండు తరగతులను కలిపి 1912లో ‘రోద్‌హెట’ అనే ఎర్ర గులాబిని విడుదల చేశాడు. ఆయన సోదరుడు స్వెండ్ పౌల్సన్ 1924లో విడుదల చేసిన ‘ఎల్స పౌల్సన్’ అనే గులాబి రంగు రకం యూరపు తోటలలో బాగా వ్యాపించింది. ఈ కొత్త తరగతిని మొదట ‘హైబ్రిడ్ పాలియాంథా’ అన్నారు. 1930లలో అమెరికన్ వ్యాపారులు దీనికి ‘ఫ్లోరిబండా’ అని పేరు పెట్టారు. లాటిన్ మూలం గల ఈ మాటకు ‘విరివిగా పూసేది’ అని అర్థం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వృక్షశాస్త్రంలో జాతులకు పెట్టే పేరు వంటిది కాదు ఇది. అమ్మకానికి పనికి వచ్చే పేరు. ‘హైబ్రిడ్ పాలియాంథా’ అంటే కొనేవారికి నోరు తిరగదు. ‘ఫ్లోరిబండా’ అంటే ఏదో సమృద్ధిగా దొరుకుతుందన్న భావన కలుగుతుంది. ఒక వర్గీకరణ వెనక మార్కెట్టు కూడా ఉండవచ్చునన్నదే ఈ ఉదాహరణ నేర్పే పాఠం.

7.3 బోర్నర్ – పదేళ్ల నిరీక్షణ

జాక్సన్ అండ్ పెర్కిన్స్ సంస్థ 1872లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూవార్క్ అనే చిన్న ఊరిలో మొదలైంది. ఛార్లెస్ పెర్కిన్స్, ఆయన మామగారు ఆల్బర్ట్ జాక్సన్ మొదట స్ట్రాబెరీ, ద్రాక్ష మొక్కలు అమ్మేవారు. 1901లో వెలువడిన ‘డారతీ పెర్కిన్స్’ అనే తీగ గులాబి ఆ సంస్థకు పేరు తెచ్చింది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ సంస్థ తన గులాబీలను ప్రదర్శించింది. చూసినవారు తమ ఊళ్లకు మొక్కలు పంపమని కోరడంతో పోస్టు ద్వారా అమ్మకం ఊపందుకొంది.

యూజీన్ బోర్నర్ 1893లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జన్మించాడు. 1937లో ఆ సంస్థ పరిశోధన విభాగం అధిపతి నికొలా మరణించిన తరవాత ఆ బాధ్యత బోర్నర్ చేతికి వచ్చింది. ఆయన ఫ్లోరిబండాలపై ఎంతగా పని చేశాడంటే గులాబి పెంపకందారులు ఆయనను ‘పాపా ఫ్లోరిబండా’ అని పిలిచేవారు. 1949లో ఆయన విడుదల చేసిన ‘ఫ్యాషన్’ అనే పగడపు గులాబి రంగు రకం ఇందుకు మంచి ఉదాహరణ. జర్మనీలో కోర్డెస్ అనే పెంపకందారుడు తయారు చేసిన రెండు రకాలు దాని తల్లిదండ్రులు. ఒకటి ‘పినోకియో’ అనే ఫ్లోరిబండా. రెండవది ‘క్రిమ్‌జన్ గ్లోరీ’ అనే సువాసన గల హైబ్రిడ్ టీ. అమెరికన్ గులాబిగా పేరు పొందినదాని రక్తం జర్మనీది, దాని పూర్వులది ఫ్రాన్సు, జపాను, చైనా అని దీనివల్ల తెలుస్తుంది.

కొత్త గులాబిని తయారు చేసే పద్ధతి చెప్పడానికి సులభం, చేయడానికి కష్టం. తల్లిగా ఎన్నుకొన్న పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే దాని రేకులను, కేసరాలను తొలగిస్తారు. మరొక రకం నుంచి తీసిన పుప్పొడిని కీలాగ్రంపై అద్దుతారు. కాయ పండిన తరవాత గింజలను తీసి చలిలో కొంతకాలం ఉంచి నాటుతారు. ప్రతి మొలకా వేరువేరు రకమే. వేల మొలకలలో నచ్చినవి కొన్నే మిగులుతాయి. వాటిని అంటు కట్టి, కొన్నేళ్లపాటు చలిలో, ఎండలో, తెగుళ్లలో పరీక్షించి, చివరకు ఒకదానిని మాత్రమే విడుదల చేస్తారు. పుప్పొడి అద్దిన రోజు నుంచి విడుదల వరకు ఎనిమిది నుంచి పదేళ్లు పట్టడం మామూలే.

పరిచయంలోని మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. 1967లో వచ్చిన ‘బ్రైడల్ పింక్’ బోర్నర్ జీవించి ఉన్నప్పుడు చేసిన పనికి ఫలితం. ఆయన 1966లో మరణించాడు. అదే సంవత్సరం పెర్కిన్స్ కుటుంబం తమ సంస్థను హ్యారీ అండ్ డేవిడ్ అనే పండ్ల వ్యాపార సంస్థకు అమ్మివేసింది. అంటే ఈ గులాబి మార్కెట్టుకు వచ్చేనాటికి దాని సృష్టికర్త లేడు, దానిని పెంచిన కుటుంబం చేతిలో సంస్థ లేదు. జాబితాలోని సంవత్సరం ‘విడుదల సంవత్సరం’ మాత్రమేనని, అది సృష్టి జరిగిన సంవత్సరం కాదని గుర్తుంచుకోండి. శాసనాలపై తేదీలను చదివేటప్పుడు పాటించే జాగ్రత్తే ఇక్కడ కూడా అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. పాలియాంథా, హైబ్రిడ్ టీ గులాబీల మధ్య భేదమేమిటి?
2. విడుదల సంవత్సరానికి, సృష్టి జరిగిన కాలానికి ఉన్న తేడాను ‘బ్రైడల్ పింక్’ ఉదాహరణతో వివరించండి.

7.4 మొక్క ఎవరిది?

గులాబి కొమ్మలోని ఒక్క కన్ను ఉంటే చాలు, దానిని మరొక వేరు మొక్కపై అంటు కట్టి అచ్చం అటువంటి మొక్కనే తయారు చేయవచ్చు. రైతుకు ఇది వరం. పదేళ్లు శ్రమించిన పెంపకందారుకు ఇదే సమస్య. మొదటి ఏడాది ఒక మొక్క కొన్నవాడు రెండవ ఏడాదికి వంద మొక్కలు అమ్మగలడు.

ఈ వాదన ఆధారంగా అమెరికాలో 1930 మే 23న మొక్కల పేటెంటు చట్టం అమలులోకి వచ్చింది. విత్తనం ద్వారా కాక అంటు, కొమ్మ కత్తిరింపుల వంటి పద్ధతులలో వృద్ధి చేసే కొత్త రకాలకు ఈ చట్టం రక్షణ కల్పించింది. దుంపల ద్వారా వృద్ధి చేసే బంగాళాదుంప వంటి ఆహార పంటలను మినహాయించింది. ఈ చట్టం కింద 1931 ఆగస్టు 18న ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు కూడా ఒక గులాబికే. అది ‘న్యూ డాన్’ అనే లేత గులాబి రంగు తీగ గులాబి. న్యూజెర్సీకి చెందిన హెన్రీ బోసెన్‌బర్గ్ దాని హక్కుదారు. అది ఎవరూ సంకరణం చేసి తయారు చేసినది కాదు. అంతకు ముందున్న ఒక రకంలో తనంతట తానుగా వచ్చిన మార్పు. దానిని గుర్తించి, వేరుచేసి, వృద్ధి చేయడమే ఆయన చేసిన పని.

ఈ చట్టం వల్ల రెండు పరస్పర విరుద్ధమైన ఫలితాలు కలిగాయి. ఒకవైపు గులాబీల పరిశోధనపై పెట్టుబడి పెరిగింది. బోర్నర్ వంటివారికి జీతం, తోట, సహాయకులు సమకూరడానికి ఈ ఆదాయమే ఆధారం. మరొకవైపు తరతరాలుగా అంటు కట్టి పక్కవారికి పంచుకొన్న అలవాటు, పేటెంటు గల రకాల విషయంలో, చట్ట ఉల్లంఘనగా మారింది. ఏది న్యాయమన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మన దేశం ఇచ్చిన జవాబు వేరుగా ఉంది. దానిని 7.7లో చూద్దాం.

7.5 గాజు ఇంటిలోని లెక్కలు

తోటలో పెంచే గులాబికి, గ్రీన్‌హౌస్‌లో పెంచే గులాబికి ఉద్దేశం వేరు. తోటలోని పువ్వు మొక్కకే ఉండి అందాన్నిస్తుంది. గ్రీన్‌హౌస్‌లోని పువ్వును కాడతో కోసి అమ్ముతారు. 19వ శతాబ్ది చివరి భాగంలో అమెరికా తూర్పు తీరంలో రైలు మార్గాల వెంట గాజు ఇళ్లు వెలిశాయి. న్యూజెర్సీలోని మాడిసన్ పట్టణానికి ‘గులాబీల నగరం’ అన్న పేరు అట్లా వచ్చిందే. అక్కడ కోసిన పూలు రైలులో న్యూయార్క్ నగరానికి చేరేవి. శీతాకాలంలో బయట మంచు కురుస్తుంటే లోపల బొగ్గుతో కాచిన ఆవిరి గొట్టాలు మొక్కలకు వెచ్చదనాన్నిచ్చేవి.

ఇటువంటి సాగుకు తగిన గులాబిలో ఏ గుణాలుండాలి? శీతాకాలపు తక్కువ వెలుతురులో కూడా పూత ఆగకూడదు. కోసిన కొమ్మ స్థానంలో ఆరు నుంచి ఎనిమిది వారాలలో మళ్లీ పూయాలి. కాడ నిటారుగా ఉండాలి. మూసి ఉన్న గాలిలో సులభంగా వచ్చే బూడిద తెగులును తట్టుకోవాలి. కోసిన తరవాత నీటిలో చాలా రోజులు నిలవాలి. ఒక చదరపు అడుగు నేలకు ఏడాదికి ఎన్ని పూలు వస్తాయన్నదే గ్రీన్‌హౌస్ యజమాని వేసే లెక్క. ఎందుకంటే ఆ నేలను వెచ్చగా ఉంచడానికి అయ్యే ఇంధనం ఖర్చు పూత ఉన్నా లేకున్నా ఒకటే.

ఈ లెక్కలో ఫ్లోరిబండాకు ప్రత్యేకమైన స్థానం ఉంది. హైబ్రిడ్ టీకి పువ్వు పెద్దది, ధర ఎక్కువ. ఫ్లోరిబండాకు పువ్వు చిన్నది, సంఖ్య ఎక్కువ. పెళ్లి పూలగుత్తికి, కోటుకు తగిలించుకొనే పువ్వుకు, విందు బల్లల అలంకరణకు మరీ పెద్ద పూలు నప్పవు. ‘బ్రైడల్ పింక్’ ఈ అవసరానికి సరిపోయింది. కొనదేలిన మొగ్గ, లేత రంగు, సువాసన, గ్రీన్‌హౌస్‌లో విరివిగా పూసే గుణం దానిలో కలిశాయి. పేరే దాని మార్కెట్టును చెబుతోంది. అమెరికాలో జూన్ నెల పెళ్లిళ్ల కాలం. తరవాత దీనిలోనే తెల్లని పూల మార్పు ఒకటి కనిపించింది. దానికి ‘బ్రైడల్ వైట్’ అని పేరు పెట్టి అమ్మారు.

7.6 1967: మరొక కాగితం

‘బ్రైడల్ పింక్’ విడుదలైన 1967లోనే, దానితో ఏ సంబంధమూ లేని మరొక సంఘటన జరిగింది. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉద్యానశాస్త్రం చదువుతున్న డేవిడ్ ఛీవర్ అనే విద్యార్థి తన కోర్సులో భాగంగా ఒక వ్యాసం రాశాడు. దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగోటా ప్రపంచానికి పూలు ఎగుమతి చేయగలదన్నది దాని సారాంశం. మీలాగే పరీక్ష కోసం రాసిన వ్యాసమే అది.

ఆయన వాదన భౌగోళికమైనది. బొగోటా మైదానం సముద్రమట్టానికి సుమారు 8,700 అడుగుల ఎత్తున, భూమధ్యరేఖకు దగ్గరగా ఉంది. ఎత్తువల్ల చల్లదనం, భూమధ్యరేఖ వల్ల ఏడాది పొడుగునా రోజుకు సుమారు పన్నెండు గంటల వెలుతురు. బొగ్గు, చమురు కాల్చవలసిన పనిలేదు. గాజుకు బదులు చెక్క గుంజలపై ప్లాస్టిక్ పరచినా చాలు. అమెరికాలోని మయామీకి విమానంలో మూడు గంటల ప్రయాణం. కూలి రేట్లు తక్కువ. 1969లో ఛీవర్, మరికొందరు కలిసి బొగోటా దగ్గర ఫ్లోరమెరికా అనే సంస్థను స్థాపించారు.

తరవాతి పరిణామాలు వేగంగా జరిగాయి. 1973 చమురు సంక్షోభంతో అమెరికాలో గ్రీన్‌హౌస్‌లను వేడిచేసే ఖర్చు పెరిగింది. 1991లో అమెరికా ఆండియన్ వాణిజ్య ప్రాధాన్యత చట్టం చేసి, కోకా సాగుకు ప్రత్యామ్నాయం కల్పించే ఉద్దేశంతో కొలంబియా వంటి దేశాల సరుకులకు సుంకం తొలగించింది. పూలు కూడా వాటిలో చేరాయి. ఈ క్రింది అంకెలను పోల్చి చూడండి. గులాబి, కార్నేషన్, చామంతి – ఈ మూడు ప్రధాన పూలను కలిపి 1971లో అమెరికా 120 కోట్లు పండించి, 10 కోట్లు మాత్రమే దిగుమతి చేసుకొంది. 2003 నాటికి దిగుమతి 200 కోట్లకు చేరింది. సొంత ఉత్పత్తి 20 కోట్లకు పడిపోయింది.

మూడు తరాలుగా గాజు ఇళ్లను నడిపిన అమెరికన్ కుటుంబాలు చాలావరకు ఆ వృత్తిని వదిలిపెట్టాయి. కొలంబియాలో వేలమందికి పని దొరికింది. వారిలో ఎక్కువమంది స్త్రీలు. వారికి నెలవారీ వేతనం వచ్చింది. దానితోపాటు పురుగుమందుల ప్రభావం, ఫిబ్రవరి ప్రేమికుల దినానికి, మే నెల మాతృదినోత్సవానికి ముందు విరామం లేని పని గంటలు కూడా వచ్చాయి. ఈ మార్పును లాభమని గాని నష్టమని గాని ఒక్క మాటలో చెప్పలేం. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని విడివిడిగా అడగడమే చరిత్ర విద్యార్థి చేయవలసినది.

‘బ్రైడల్ పింక్’ వంటి రకాలు చలిదేశపు గాజు ఇంటి కోసం ఎంపిక చేసినవి. సాగు కొత్త ఖండానికి మారినప్పుడు కావలసిన గుణాలు కూడా మారాయి. చల్లని పెట్టెలో, విమానంలో, గిడ్డంగిలో, దుకాణంలో నలగకుండా ఉండే దళసరి రేకులు, పెద్ద మొగ్గలు, పొడుగు కాడలు గల రకాలు ముందుకు వచ్చాయి. ఈ క్రమంలో పక్కకు తప్పుకున్నది సువాసన.

సువాసన మొక్కకు ఖర్చుతో కూడిన పని. రేకులు ఆవిరయ్యే పదార్థాలను నిరంతరం తయారు చేసి గాలిలోకి వదలాలి. బాగా పరిమళించే గులాబీలు త్వరగా వాడిపోతాయన్నది పెంపకందారుల చిరకాల అనుభవం. ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో, గులాబి పరిమళంలోని జెరానియోల్ అనే పదార్థం తయారీకి ఒక ప్రత్యేకమైన ఎంజైము అవసరమని, పరిమళం లేని రకాలలో దానికి సంబంధించిన జన్యువు చురుకుగా లేదని తేల్చారు. పరిమళాన్ని పోగొట్టాలని ఎవరూ అనుకోలేదు. ఎంపికలో దానికి మార్కులు వేయకపోవడం వల్ల అది జారిపోయింది. జాబితాలో ‘సువాసన గలది’ అన్న రెండు మాటలు ఎందుకు విలువైనవో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. బొగోటా మైదానం పూల సాగుకు అనుకూలం కావడానికి గల భౌగోళిక కారణాలేవి?
2. మార్కెట్టు అవసరాలు ఒక పువ్వు గుణాలను ఎట్లా మార్చగలవు?

7.7 మన అనుభవంతో పోలిక

మన ప్రాంతంలో గులాబి వ్యాపారం రెండు రకాలుగా కనిపిస్తుంది. దండలకు, పూజలకు వాడే పరిమళం గల విడిపూలను తూకంతో అమ్ముతారు. కాడతో కోసే గులాబీలను కట్టలుగా అమ్ముతారు. హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు వెళ్తే ఈ రెండింటినీ ఒకేచోట చూడవచ్చు. కట్టలలోని గులాబీలు చాలావరకు పాలీహౌస్‌లలో పండినవి. మన వాతావరణంలో పాలీహౌస్ సమస్య అమెరికా సమస్యకు పూర్తిగా తలకిందులు. అక్కడ వేడి చేయాలి, ఇక్కడ వేడి తగ్గించాలి. బెంగళూరు, హోసూరు ప్రాంతాలు ఈ సాగులో ముందుండడానికి వాటి ఎత్తు, చల్లదనం ప్రధాన కారణం. ఇది బొగోటా కథకు చిన్న రూపం.

హక్కుల విషయంలో మన దేశం వేరే దారి ఎన్నుకొంది. భారత పేటెంటు చట్టం మొక్కలపై పేటెంటును అనుమతించదు. దానికి బదులుగా 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. కొత్త రకాన్ని సృష్టించినవారికి ఈ చట్టం హక్కు ఇస్తుంది. అదే సమయంలో రక్షిత రకం విత్తనాన్నయినా రైతు దాచుకొని, నాటుకొని, ఇరుగుపొరుగుతో పంచుకొని, బ్రాండు పేరు లేకుండా అమ్ముకొనే హక్కును కూడా గుర్తిస్తుంది. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీలలో అంటు కట్టే పనివారి నైపుణ్యాన్ని చూసినవారికి ఇది ఎంత జీవన్మరణ ప్రశ్నో తెలుస్తుంది. పదేళ్లు నిరీక్షించిన పెంపకందారుకు ప్రతిఫలం ఉండాలి. చేతిలో కత్తి, కన్ను తప్ప వేరే పెట్టుబడి లేని పనివానికి బతుకు ఉండాలి. ఈ రెండింటి మధ్య సమతూకం కోసం వెదకడం ఇంకా ముగియలేదు.

7.8 సారాంశం

‘బ్రైడల్ పింక్’ 1967లో అమెరికాలో వెలువడిన లేత గులాబి రంగు ఫ్లోరిబండా. దాని వెనక చైనా, జపాను మొక్కల ప్రయాణం, ఫ్రాన్సు, డెన్మార్కు పెంపకందారుల కృషి, 1930 నాటి పేటెంటు చట్టం, బొగ్గుతో వేడి చేసిన గాజు ఇళ్ల ఆర్థికం ఉన్నాయి. అది విడుదలైన సంవత్సరమే ఒక విద్యార్థి రాసిన వ్యాసం, అది ఏ సాగు కోసం పుట్టిందో ఆ సాగును అమెరికా నుంచి తరలించే మార్పుకు నాంది పలికింది. వస్తువుల చరిత్రలో ఆవిష్కరణ ఎంత ముఖ్యమో, చట్టం, ఇంధనం, కూలి, రవాణా అంతే ముఖ్యమని మీరు గ్రహించి ఉంటారు. ఈసారి ఒక గులాబి చేతికి వస్తే ముందు వాసన చూడండి. వాసన ఉన్నా లేకున్నా, దానికి కారణమేమిటో ఇప్పుడు మీరు కొంతవరకు చెప్పగలరు.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఫ్లోరిబండా గులాబీల వికాసాన్ని వివరించండి.
2. కట్ ఫ్లవర్స్ సాగు అమెరికా నుంచి కొలంబియాకు తరలడానికి గల కారణాలను, ఫలితాలను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. అమెరికా మొక్కల పేటెంటు చట్టం (1930), భారత మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) – పోల్చండి.
2. మీ ఊరి మార్కెట్టులో దొరికే ఒక పువ్వును గాని, పండును గాని ఎన్నుకొని, దాని చరిత్ర రాయడానికి మీరు అడగవలసిన ఐదు ప్రశ్నలను తయారు చేయండి.